సుసన్నా తలాపున ఇత్తడి బిళ్ల

సమాధుల పండుగ ముందటి రోజు గోదావరిఖనిల ఎవరి చేతిల చూసినా సున్నం బకెటే. బొగ్గుగనిల పనిచేసి రిటైరైన ఆమోసు గూడ పొద్దుగూకే యాళ్లకు కుంచె పట్టుకొని భార్య సుసన్నా సమాధి కాడికి చేరిండు. కుంచె ఒట్టి సాకు. సంచిల సుత్తె, ఉలి ఉన్నయ్.

ఆ సమాధి గురించి కాలనీ అంతా చెప్పుకుంటది. నల్లరాయి, తెల్ల శిలువ, పక్కపక్కన రెండు పేర్లు. ఆయన పేరు కింద తారీఖు జాగ ఖాళీ. డ్యూటీ దిగి నల్లగ వచ్చినోనికి ముప్పై ఏండ్లు వేడినీళ్లు తోడిన మనిషాయె, ఆ మాత్రం కట్టించుడు న్యాయమే. అంతటితో ఊకున్నడా? తన ఇత్తడి బిళ్లను గూడ ఆమె తలాపున సిమెంటుల పొదిగించిండు. "నేనూ నీ కాడికే వస్త, ఇగో నా బిళ్ల" అని పొర్లి పొర్లి ఏడ్చిండు.

గనిల దిగేటోడు బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటడు. ఆ బిళ్ల పైన బోర్డుకు వేలాడినంతసేపు మనిషి గని కిందనే ఉన్నట్టు లెక్క. అన్నీ ఎరిగిన ఆమోసే ఈ పని చేసిండు!

ఆనాటిసంది ఆయనకు నిలకడ లేదు. కూసుంటే లేవాలె, లేస్తే కూసోవాలె. మంచం ఎక్కితే వీపు కింద నేల దిగుతున్నట్టే ఉంటది. ఇప్పుడు బిడ్డ సారికకు నెలలు నిండినయ్. మనుమన్నో మనుమరాలినో ఎత్తుకునేదాక బతకాలెనని పానం కొట్టుకుంటున్నది.

నాలుగు దెబ్బలకు బిళ్ల ఊడింది. చేతుల బిళ్ల తడి తడిగ ఉన్నది. వాన పడి నెలయింది.

పక్క సమాధికి సున్నమేసి పోతున్న పాత దోస్తు జైపాల్ చూసి నవ్విండు. "ఏందన్నా, డ్యూటీ ఎగ్గొడ్తున్నవా? నీ జాగల బదిలీకి ఎవరు దిగుతరు మరి? నీ వారసులేనాయె!"

బకెటు ఊపుకుంట జైపాల్ గేటు దాటిండు. సమాధుల నడుమ ఆమోసు ఒక్కడే మిగిలిండు.

ఫోను మోగింది. సారిక.

"నాయినా... కడుపుల బిడ్డ కదుల్తలేదు."

"ఎప్పటిసంది?"

"ఇప్పుడే... తన్నుతుండె. ఒక్కసారే ఆగింది. నాకు భయమైతున్నది నాయినా..."

అప్పుడు వినపడ్డది. రాయి కింద... నడక. బూట్ల నడక కాదు. ఒట్టి పాదాలు... చిన్నయి. ఒక్కొక్క మెట్టే దిగుతున్నయ్.

"సుసన్నా," అన్నడు గుసగుసగ. "పసిగుడ్డే అది... వద్దే. నా డ్యూటీ నేనే చేస్త."

బిళ్లను గుంతల పెట్టి అరచేత్తో అదిమిండు.

నడక ఆగింది.

"కదిలింది నాయినా!" ఫోన్ల సారిక ఏడ్చుకుంటనే నవ్వింది. "తన్నుతున్నది! నువ్వు జల్ది ఇంటికి రా!"

"సల్లగుండు బిడ్డా," అన్నడు. వస్తనని మాత్రం అనలేకపోయిండు.

చెయ్యి తీసి చూస్తే బిళ్ల చుట్టు సిమెంటు ఎండి ఉన్నది, ఎన్నడూ పగలనట్టు. రాయి నెర్రెలకెళ్లి సన్నగ ఆవిరి లేస్తున్నది... సబ్బు వాసనతోని. కింద ఎవరో బకెటుల నీళ్లు తోడుతున్నరు.