నన్ను పిలిచాడా?

ముందు మీరు చెప్పండి, ఏం చూశారు?

ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో లిఫ్టు దిగి ఎడమకి తిరిగితే పొడుగాటి హాలు. హాలు చివర రెండు రెక్కల తలుపు. తలుపు పక్కన స్తంభం. స్తంభం నీడలో, వరసలో ఆఖరి కుర్చీ... అందులో ఎవరున్నారు?

ఎవరూ లేరంటారు. అందరూ అదే మాట. హాలంతా పేషెంట్ల తాలూకు జనం కిక్కిరిసిపోయి, చోటు లేక మెట్లమీద కూలబడుతుంటే ఆ ఒక్క కుర్చీ ఎందుకు ఖాళీగా ఉంది? ఒక్కసారైనా అనుమానం రాలేదూ?

ఆ కుర్చీకి చెడ్డపేరు ఉంది.

పగలు ఏమీ ఉండదు. రాత్రి హాల్లో దీపాలు సగం ఆర్పేశాక, తెల్లకోటు వేసుకున్నవాళ్ళెవరైనా ఆ తలుపు దగ్గరికి వస్తే... వెనకనించి, మెల్లగా, ఒక ఆడగొంతు —

"నన్ను పిలిచాడా?"

అంతే. ఏడుపు లేదు, అరుపు లేదు, గజ్జెల చప్పుడు అసలే లేదు. తిరిగి చూస్తే ఖాళీ కుర్చీ.

తాళాలాయనకి ఇదేమీ తెలీదు. వీధి మలుపులో గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసుకునే మనిషి. నోట్లో నాలుక లేనివాడు. ఇద్దరి వంతు నోరూ ఆయన పెళ్ళానికే ఉంది. బేరం ఆవిడదే, పోట్లాట ఆవిడదే, చివరికి ఆయనకి పంటి నొప్పి వస్తే డాక్టరుకి చెప్పేదీ ఆవిడే. అలాంటి ఆవిడ ఇప్పుడు ఆ తలుపు లోపల ఉంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. లోపలికి తీసుకుపోయిన దగ్గర్నించీ ఆయన్ని చూడనివ్వలేదు.

హాల్లోకి రాగానే ఆయన కన్ను తలుపుమీదే పడింది. అలవాటు మరి. తాళం లేదు, గడియ లేదు, తాళంచెవి కన్నమైనా లేదు. తోస్తే తెరుచుకునే తలుపు. ముందు ఒక స్టూలు, స్టూలుమీద కాపలావాడు, గోడమీద 'లోపలికి రాకూడదు' అన్న బోర్డు. అంతే. ఆ మాత్రానికే ఇంతమంది మనుషులు బయట ఆగిపోయి కూర్చున్నారు.

కాళ్ళు లాగుతుంటే వెళ్ళి ఆఖరి కుర్చీలో కూర్చోబోయాడు.

"అన్నా! అందులో కాదు," అని కాపలావాడు స్టూలుమీంచి లేచాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "అది ఒకావిడ కుర్చీ."

"బయటికెళ్ళిందా?"

"పోయింది."

కాపలావాడు చెప్పిన కథ ఇది. చాలా ఏళ్ళ కింద ఒకావిడ మొగుణ్ణి లోపల పెట్టి ఆ కుర్చీలోనే కాచుకుని కూర్చుంది. ఆ రాత్రి ఆయనకి మెలకువ వచ్చింది. భార్యని పిలిచాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ పిలిచాడు. నర్సు పెద్ద డాక్టరుకి చెప్పింది. "తెల్లారాక చూద్దాం, ఇప్పుడు ఎవర్నీ రానివ్వొద్దు," అన్నాడాయన. తెల్లారింది. మనిషి పోయాడు. పెద్ద డాక్టరు బయటికొచ్చి, ఆవిడ భుజంమీద చెయ్యివేసి, "నిద్రలోనే పోయారమ్మా. ఏ బాధా లేదు. ఎవర్నీ అడగలేదు," అన్నాడు.

ఆవిడ నమ్మింది. నమ్మక ఏంచేస్తుంది?

ఆ పక్క మంచంలో ఉన్న ముసలాయన మాత్రం బతికి బయటపడ్డాడు. చక్రాల కుర్చీలో ఇంటికి పోతూ పోతూ, శవంకోసం కాచుకున్న ఆవిణ్ణి చూసి, "నువ్వేనా తల్లీ? రాత్రంతా నీకోసమే పిలిచాడమ్మా. నువ్వు ఊళ్ళో లేవనుకున్నాను," అన్నాడు.

ఆవిడ అక్కడే మొదలు నరికిన చెట్టులా పడిపోయింది. ఎవరో ఎత్తుకుపోయారు. దారిలోనే ప్రాణం పోయిందట.

"అప్పట్నించీ అడుగుతూనే ఉంది," అన్నాడు కాపలావాడు. "పెద్ద డాక్టరు ఈ వైపు రావడమే మానేశాడు. వెనక మెట్లున్నాయిగా, అట్నించే ఎక్కుతాడు, అట్నించే దిగుతాడు. నేనూ అంతే అన్నా. దీపాలు ఆరాయంటే స్టూలు లాక్కుని లిఫ్టు దగ్గరికి పోతాను. ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది."

తాళాలాయన ఆ కుర్చీ జోలికి పోలేదు. దాని వెనక గోడవారగా కాస్త నేల ఉంటే చాప పరుచుకున్నాడు. పక్కన ఇంకో చాప ఉంది. దానిమీద ఒక ముసలావిడ దుప్పటి కప్పుకుని, తల దగ్గర ఫ్లాస్కు పెట్టుకుని ఉంది.

"నీకెవరు లోపల?"

"మా ఆడది, పెద్దమ్మా. మీకో?"

"మా ఆయన," అంది. ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చింది. "తాగు. ఇక్కడ ఎవడూ తాగావా అని అడగడు."

సాయంత్రం కౌంటరు దగ్గర పిలిచారు. చిరునవ్వు తుడుచుకోకుండా మాట్లాడగలిగే అమ్మాయి ఒకతి ఉందక్కడ.

"స్టేబుల్‌గానే ఉన్నారు అంకుల్."

"స్టేబుల్ అంటే... బాగున్నట్టా అమ్మా?"

"అంటే స్టేబుల్‌గా ఉన్నట్టు."

పెళ్ళాం ఉంటే ఈపాటికి కౌంటరు అద్దాలు వణికేవి. "నన్నేమైనా... అడిగిందా?"

"మత్తులో ఉన్నారు కదా. ఎవర్నీ అడగట్లేదు. నెక్స్ట్!"

చాప దగ్గరికొచ్చి ముసలావిడకి చెప్పాడు. ఫ్లాస్కు మూత తిప్పుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమంది? మళ్ళీ చెప్పు."

"ఎవర్నీ అడగట్లేదంది."

ఆవిడ ఫ్లాస్కు పక్కన పెట్టింది. తరవాత అడిగింది. "నీ పెళ్ళాం నోరున్న మనిషేనా?"

"అబ్బో. మా వీధి కుక్కలు కూడా ఇంటిముందునించి పోవు, పక్క సందులోంచి పోతాయి."

"అలాంటిది నిన్నొక్కసారి కూడా పిలవకుండా పడుంటుందా అబ్బాయ్?"

అసలా ప్రశ్న పొద్దుట్నించీ ఆయన్ని తొలుస్తూనే ఉంది. పిలుస్తోందేమో... నేను రాలేదని అనుకుంటుందేమో... వదిలేసి పోయాననుకుంటుందేమో. ఇక ఆయనకి కావలసింది అదొక్కటే. పిలిచిందా, లేదా?

దీపాలు సగం ఆరాయి. కాపలావాడు చెప్పినట్టే స్టూలు లాక్కుని లిఫ్టు దగ్గరికి పోయాడు. మనుషులు ముడుచుకు పడుకున్నారు. ఎవరో దగ్గారు. తరవాత ఏమీ లేదు... గోడవెనక మిషన్ల చప్పుడు తప్ప.

తలుపు తెరుచుకుంది. చెత్తబండి తోసుకుంటూ ఆయా బయటికొచ్చింది. ఆవిడ ఆ రెక్కలు తిరిగి మూసే లోపల, చల్లగాలితోపాటు ఏదో బయటికి జారింది —

"ఏమయ్యో..."

తాళాలాయన చెవి రిక్కించాడు. భ్రమేమో. దుప్పటి ముసుగు తన్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

అప్పుడు... కుర్చీ వైపునించి... చెవిలో చెప్పినట్టు —

"నిన్ను పిలుస్తోంది."

తల తిప్పలేదు. తిప్పలేడు.

"నిన్నే. వినపడటం లేదూ?"

లేచాడు. చాప ఎప్పుడు దాటాడో, కుర్చీ ఎప్పుడు దాటాడో తెలీదు. తలుపు ముందు నిలబడి ఉన్నాడు. వెనక దెయ్యం, ముందు డాక్టర్లు వద్దన్న తలుపు. జన్మలో ఎవరి మాటా కాదనని మనిషి, ఆ క్షణంలో దెయ్యానికే ఎక్కువ భయపడ్డాడు. అదే మంచిదైంది.

తోశాడు. తెరుచుకుంది.

చివరి మంచం. ముక్కుమీద మాస్కు, చేతికి గొట్టాలు, మనిషి సగమైపోయింది. గొంతు బొంగురుపోయింది. కళ్ళు మాత్రం మారలేదు.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"ఇక్కడే. తలుపు అవతలే ఉన్నానే."

"తలుపు అవతలుండి... రాలేదూ?"

"రావద్దన్నారు."

"రావద్దంటే ఆగిపోవడమే. నీ మొహం." ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. ఆయాసం తీర్చుకుంది. "ఇంటికి తాళమేశావా?"

"వేశా."

"తాళంచెవి?"

ఆయన జేబు తడుముకున్నాడు. రెండో జేబు తడుముకున్నాడు. మాస్కు లోపల ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన భోరుమన్నాడు.

"ఎవరు రానిచ్చారు ఇతన్ని?"

వెనక మెట్ల వైపునించి పెద్ద డాక్టరు వచ్చాడు. నర్సు, "ఆవిడ సాయంత్రంనించీ ఈయన్నే పిలుస్తోందని చెప్పాను కదా సార్," అంది.

"తెల్లారాక చూద్దామన్నానా లేదా!"

ఆ మాట ఇంకా గాల్లోనే ఉంది.

"నన్ను పిలిచాడా?"

హాల్లోంచి కాదు. కుర్చీలోంచి కాదు. గది గుమ్మంలోంచి.

పెద్ద డాక్టరు తిరగలేదు. మెల్లగా, మెడ ఒక్కటే తిరిగింది. తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. గడప దగ్గర తలమీంచి దుప్పటి కప్పుకున్న ఆకారం.

"నువ్వు... నువ్వు చచ్చిపోయావు కదా..."

ఆకారం దుప్పటి తీసింది. తాళాలాయన నోరు తెరిచాడు. చాపమీది పెద్దమ్మ!

"ఎవరు చెప్పారు నీకు?"

"అందరూ... ఇక్కడ అందరూ..."

"ఒక్కరైనా మా గుమ్మంలోకొచ్చి కనుక్కున్నారా? కళ్ళు తిరిగి పడితే చచ్చిందన్నారు. పోయిందనుకుంటే మీకు హాయి, అందుకన్నారు. చచ్చింది మా ఆయన. నేనెందుకు చస్తాను? నాకు పనుంది."

వింటున్నారా? ఇన్నేళ్ళు ఆవిడ వాళ్ళ కళ్ళముందే ఉంది. అదే హాలు, అదే చాప, అదే ఫ్లాస్కు, దీపాలు ఆరాక అదే ప్రశ్న. తెల్లకోటు వాళ్ళు పేషెంటు తాలూకు మనుషుల మొహం చూస్తేగా! దెయ్యం కావడానికి చావక్కర్లేదు. అలాంటి హాల్లో ఓ మూల కూర్చుంటే చాలు, ఎవరికీ కనిపించరు.

ఆవిడ నడిచి వచ్చింది. డాక్టరు వెనక్కి తగ్గాడు. మంచం అడ్డొచ్చింది.

"ఆ రోజు ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెప్పావు, ఎవర్నీ అడగలేదని. ఇప్పుడు వీళ్ళందరి ముందూ చెప్పు. నన్ను పిలిచాడా?"

మిషన్లు కొట్టుకుంటున్నాయి. నర్సులు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. డాక్టరు వాళ్ళందరి వైపూ చూశాడు.

"పిలిచాడు."

"ఎంతసేపు?"

"...తెల్లారేదాకా."

"నువ్వు విన్నావా?"

"విన్నాను."

"విని?"

"సారీ అమ్మా..." అన్నాడు కిందికి చూస్తూ.

"నీ దగ్గరే ఉంచుకో. దానికోసం రాలేదు నేను."

అప్పుడు ఆయన కూలబడ్డాడు. పెద్దమనిషి, పసివాడిలా ఏడుపు. "ఒక్క రాత్రి వదల్లేదమ్మా నన్ను. మెట్లమీద కూడా వినపడుతోంది. మొన్న వానాకాలమంతా కంటిమీద కునుకు లేదు..."

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. "వానాకాలమా?"

"రోజూ... రోజూ అడిగావు..."

"వానాకాలమంతా నేను కాలు విరిగి మంచాన ఉన్నాను. గడప దాటలేదు."

డాక్టరు ఏడుపు ఆగిపోయింది.

"మరి... ఎవరు?"

"నన్నడుగుతావేం?" అంది ఆవిడ. "'ఎవర్నీ అడగలేదు' అన్న ఆ మాట ఇంకా ఎంతమందికి చెప్పావో... కూర్చుని నువ్వే గుర్తు తెచ్చుకో." దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ హాల్లోకి రాలేదు.

తాళాలాయన భార్య బతికిందా అంటారా? లేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. కానీ ఆయన చెయ్యి వదలకుండా పోయింది. తాళంచెవి పారేసినందుకు తిడుతూ పోయింది. ఎవర్నీ అడగలేదని ఆయనకి ఏ మొనగాడూ చెప్పలేడు.

ఆ రాత్రి దీపాలు ఆరాక, దెయ్యం సంగతి తేలిపోయిందన్న ధీమాతో కాపలావాడు స్టూలు తెచ్చి తలుపు దగ్గరే వేసుకున్నాడు. పెద్ద డాక్టరు కూడా గుండె చిక్కబట్టుకుని, ఎన్నో ఏళ్ళకి, హాలు వైపునించే నడిచాడు. ఒక కంట ఆఖరి కుర్చీ చూశాడు. ఖాళీ. నిట్టూర్చాడు.

కానీ ముందటి రాత్రి తలుపు బార్లా తెరిచి ఉందన్న సంగతి ఆయన మరిచాడు. లోపలి ప్రతి మాటా హాలంతా వింది.

మొదటి కుర్చీలోంచి ఒకతను లేచాడు. గుసగుసగా కాదు, గట్టిగానే అడిగాడు. "సార్, మా నాన్న నన్ను పిలిచాడా?"

వెనకాల ఇంకొకామె. "మా చెల్లెలు నన్ను పిలిచిందా?"

మెట్లమీంచి, చాపలమీంచి, నీళ్ళ కుళాయి దగ్గర్నించి... ఒక్కొక్కరే లేచారు. "మా అబ్బాయి?" "మా అత్త?" "మా ఆయన?" దెయ్యం ఒకటైతే తప్పుకోడానికి వెనక మెట్లున్నాయి. హాలు హాలంతా లేచి నిలబడితే ఏ మెట్లెక్కుతాడు?

అందరూ అడిగి ఆగారు. అప్పుడు ఇంకొక్క గొంతు, అందరికంటే మెల్లగా, అదే ప్రశ్న అడిగింది. అది మాత్రం ఖాళీ కుర్చీలోంచే వచ్చిందని కాపలావాడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. ఆ కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోరు.

సరే. ఇక మిమ్మల్నే అడుగుతున్నాను. మీరూ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి తలుపు బయట కూర్చునే ఉంటారు. ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, 'స్టేబుల్' అన్న మాటని పట్టుకుని, రావద్దంటే ఆగిపోయి. ఆ తలుపుకి తాళం లేదు. మీరు తోసి చూడలేదు.

ఆ రాత్రి మీవాళ్ళు మిమ్మల్ని పిలవలేదని... మీకు చెప్పిందెవరు?