టూవూంబా గోడలో గొణుగుడు

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో కనకరాజు కొన్న ఇల్లుంది చూశారూ, దాని కింది గదికి మొదట్నుంచీ చెడ్డపేరే. పాత యజమాని, ఎవరో తెల్ల ముసలాయన, అక్కడే బీరు కాచుకుంటూ ప్రాణం వదిలాడట. అప్పట్నుంచీ ఆ వీధి కుక్కలు ఆ ఇంటి ముందు కాలెత్తడం మానేశాయట. కంగారూలు సైతం ఊరు చుట్టి పోయేవట!

అలాంటి గదిని పడకగది చేస్తానని కనకరాజు సుత్తి పట్టాడు. భయం కొద్దీ పట్టాడు — దెయ్యమంటే కాదు, అత్తగారంటే. సత్యభామగారు రాజమండ్రి నుంచి ఆరు నెలలుండడానికి దిగుతున్నారు. కింది గది తయారవకపోతే ఆవిడ మంచం పైన టీవీ గదిలో పడుతుంది. అది పోయిందంటే కనకరాజుకి క్రికెట్టు లేదు, సోఫా లేదు, ఈ భూమ్మీద చోటే లేదు.

ఇంటిల్లిపాదీ పనిలోకి దిగారు. కనకరాజు ప్లాస్టర్ బోర్డులు కోసి ఇటుక గోడలకి అడ్డంగా బిగించాడు. భార్య కాత్యాయని అతుకులు పూడ్చి రంగేసింది. కూతురు తన్మయి యూట్యూబ్ చూసి ఇద్దరికీ వంకలు పెట్టింది. డ్రిల్లు మోతకి నాలుగు వీధుల అవతల ఇళ్ళ కప్పులు లేచిపోయాయి.

రంగు ఆరింది. డ్రిల్లు ఆగింది. రాత్రి లైటు తీయబోతుంటే...

గోడలోంచి గొణుగుడు.

సన్నగా... ఆగకుండా... ఊపిరైనా తీసుకోకుండా.

కనకరాజు నెత్తిమీద వెంట్రుకలు — ఉన్న నాలుగూ — నిక్కబొడుచుకున్నాయి.

"ఏవండీ... ముసలాయనేనంటారా?"

"పైపులు."

"పైపులు మాట్లాడతాయా?"

"నో వే, డాడ్. దట్స్ నాట్ పైప్స్," అంది తన్మయి మెట్ల మీంచే. మళ్ళీ ఆ పిల్ల కిందికి దిగితే ఒట్టు.

అమ్మమ్మకి చెప్పొద్దని ఇద్దరి చేతా ప్రమాణం చేయించుకున్నాడు కనకరాజు. సత్యభామగారు దిగగానే గదిలోకి తీసుకెళ్ళి, గొణుగుడు వినపడకుండా కిటికీ గురించీ, రంగు గురించీ గొంతు చించుకుని ఉపన్యాసం మొదలెట్టాడు.

"ఒక్క క్షణం ఊరుకోండి, అల్లుడుగారూ."

ఆవిడ గోడకి చెవి ఆనించింది...

కనకరాజు గుండె జారి చెప్పుల్లో పడింది.

"నమో నారాయణాయ..." ఆవిడ గోడతో పాటు గొంతు కలిపింది. "ఇది నేను పంపిన మంత్రాల డబ్బా కదటే, కాత్యాయనీ?"

అప్పటికి గుర్తొచ్చింది కాత్యాయనికి. గదికున్న చెడ్డపేరుకి విరుగుడుగా, పని మొదలెట్టే ముందు రాత్రీ పగలూ ఆగకుండా జపం చేసే ఆ కరెంటు డబ్బాని ఇటుక గోడకున్న పాత ప్లగ్గులో పెట్టింది. డ్రిల్లు మోతలో ఎవరికీ వినపడలేదు. కనకరాజు చూసుకోకుండా ప్లగ్గునీ, డబ్బానీ, నారాయణుణ్ణీ కలిపి బోర్డు వెనక సమాధి చేశాడు.

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయి రంపం అందుకున్నాడు. "చిన్న కన్నం కోసి తీసేస్తాను, అత్తయ్యగారూ."

"కోస్తారా? స్వామి తనంత తాను గోడలో వెలిస్తే?" ఆవిడ చేతులు జోడించింది. "ఇహ ఇది పూజగదే. దేవుడి ఎదుట కాళ్ళు చాపుకుని పడుకోమంటారా నన్ను?"

సాయంత్రానికి ఆవిడ మంచం టీవీ గదిలో పడింది.

ఆ రాత్రి మ్యాచ్ కనకరాజు కింద, గోడ ముందు, ఫోన్‌లో చూశాడు — కాళ్ళు ముడుచుకుని.