కాలని ఇనుము

భైంసాలో రాజలింగు సేటు దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టిన నాలుగో రోజు, అమావాస్య సెలవు మధ్యాహ్నం, అతని పత్తి గోదాము కాలిపోయింది. లోపలున్న కావలివాడు మొండయ్య కూడా కాలిపోయాడు. అప్పులవాళ్లంతా అతని బీడీయే కొంప ముంచిందని తిట్టిపోశారు.

"నా గుడిసె మీద ఉమ్ముతున్నరు సాబ్," అంది అతని భార్య సమ్మవ్వ, డిటెక్టివ్ అజీముద్దీన్ గడపలో కూలబడి. "సచ్చినోన్ని గూడ ఇడుస్తలేరు. ఆయన తప్పు లేదని తేల్చుండ్రి. ఎనిమిది నెల్ల జీతం రావాలె, రాంగనే మీ ఫీజు కడత."

సహాయకుడు పోశం ఆమెకు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

మంటలు ఆరినప్పటి నుంచి గోదాముకు పోలీసు కాపలా ఉంది. పోశం పొద్దంతా బూడిద జల్లెడ పట్టాడు. దొరికింది ఒక్కటే, గొళ్లేనికి వేసినది వేసినట్టే ఉన్న తాళంకప్ప.

"గింతేనా సార్?" అన్నాడు నీరసంగా.

"గింతే. గదే కావాలె," అన్నాడు అజీముద్దీన్.

మర్నాడు ఇన్‌స్పెక్టరును, కోర్టు వేసిన రిసీవరును, అప్పులవాళ్లను అక్కడికే పిలిపించాడు.

"సేటూ, తాళంచెవి ఎవరి తాన ఉంటది?"

"నా మొలతాడుకే. ఎవ్వరికియ్య."

"కాలినయి ఎన్ని బేళ్లు?"

"రెండు వందలు. అన్ని ప్రెస్సు చేసి, ఇనుప పట్టీలేసి కట్టినయే."

"పత్తి కాలుతది, ఇనుము కాలదు. బూడిదల ఒక్క పట్టీ లేదు."

"కూలోళ్లు ఏరుకపోయిర్రేమో!"

"పోలీసుల ముంగటనా? ఐపీ పెట్టుడు తప్పు గాదు సేటూ. ఉన్నదంత కోర్టుకు అప్పజెప్తె రిసీవర్ పంచుతడు, తీరని అప్పు కోర్టు కొట్టేస్తది. గది నిజంగ మునిగినోని కోసం. నువ్వు బేళ్లు దాటిచ్చి చెత్తపత్తికి అగ్గిపెట్టినవ్. మొండయ్య చూసిండని లోపలికి తోలి, బయట గీ తాళం ఏసినవ్."

సేటు చెయ్యి మొలతాడు మీదికి పోయింది. ఇన్‌స్పెక్టర్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. పోశానికి ఈల వెయ్యాలనిపించింది.

బేళ్లు నిర్మల్‌లో సేటు బావమరిది కొట్టంలో దొరికాయి. వేలం డబ్బు పంచేటప్పుడు అందరికన్నా ముందు నౌకరు జీతమే ఇవ్వాలంది చట్టం. పోశం సంబరపడ్డాడు. అయితే ఆ ముందు వరస ఇరవై రూపాయల వరకేనట. మిగతా జీతానికి సమ్మవ్వ అప్పులిచ్చిన షావుకార్ల వరసలోనే నిలబడింది. ఆ వరసలో అందరికీ రూపాయికి అణా చొప్పునే ముట్టింది. ఉమ్మినవాళ్లలో ఒక్కడూ ఆమె మొహం చూడలేదు.

సమ్మవ్వ తనకొచ్చిన రెండు పదిరూపాయల నోట్లూ తెచ్చి గడప మీద పెట్టింది.

"ఫీజు సాబ్. ఇంక ఎంత బాకీ ఉన్న?"