నర్మద తోమిన కారు

నర్మద రెండో బకీటు నీళ్లు కారు బానెట్ మీద గుమ్మరించింది. ఎండ చురుక్కుమంటుంది. ఒంటిపూట బడి అయిపోయి ఇంటికొచ్చి ఇంకా అన్నం గూడ తినలే.

అది వాళ్ల బాపు కైలాసం వకీలు కారు. నల్లగ, గుండ్రంగ ఉంటది. కరీంనగర్‌ల వాళ్ల గల్లీకి అదే మొదటి కారు. నాలుగు నెలల కింద హైదరాబాదుల ఒక రిటైరైన ఇంజినీరు దగ్గర కొన్నడు. అక్కడి నుంచి ఇంటిదాంక వచ్చింది. అటెంక ఎటూ పోలే.

ఎట్ల పోతది? తొవ్వల దుమ్ముంటది. దుమ్ము లేకపోతే బురద ఉంటది. రెండూ లేకపోతే పిల్లలుంటరు. అందుకే వకీల్ సాబ్ రోజూ రిక్షాల కోర్టుకు పోతడు. ఇంటికొచ్చినంక కారు చుట్టూ ఒక్క రౌండు తిరిగి, మంచిగున్నదని చూసుకొని అన్నానికి కూసుంటడు. కారుకు కొత్త దుప్పటి. ఇంట్ల మనుషులకు పాతయి.

రేపు శనివారం. కారును కొండగట్టుకు తోలుకపోయి అంజన్న ముంగట పూజ చేపియ్యాలె. బాపు వచ్చేలోపట కారు కడిగి శాబాష్ అనిపించుకోవాలని నర్మద అనుకున్నది.

కడిగింది. వాళ్ల బాయి నీళ్లు ఉప్పగుంటయి. ఎండకు అటు కడుగుతుంటే ఇటు ఆరిపోయినయి. ఆరిన కాడల్ల తెల్ల మచ్చలు వడ్డయి. బట్టతో తుడిచింది. పోలే. నల్ల కారు మీద పిండి చల్లినట్టుగ అయింది.

నర్మద ఫికర్ చెయ్యలే. ఇంట్ల ఇత్తడి బిందెలు తోమేది ఆమెనే. "మా నర్మద తోమితే బిందెల మొహం చూసుకోవచ్చు" అని వాళ్ల అమ్మ అనసూర్య చుట్టాలందరికీ చెప్తది. బిందె మెరిసినంక కారు మెరవదా?

ఇంట్లకు ఉరికి చింతపండు, బూడిద, కొబ్బరి పీచు తెచ్చింది. బానెట్ మీద పోసి, పండ్లు బిగవట్టి గుండ్రంగ తోమింది.

నీళ్లు కొట్టి చూసింది. సగం మచ్చలు పోయినయి. వాటి జాగల సాలెపురుగు గూడు కట్టినట్టు గీతలొచ్చినయి. ఎండ పడితే ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చు.

నర్మద గల్లీల అటూ ఇటూ చూసింది. కారు మీద దుప్పటి కప్పింది. పోయి అన్నం తిన్నది.

ఒంటిగంటకు బాపు వచ్చిండు. ఎండకాలం కోర్టు పొద్దుటిపూటనే. దుప్పటి లేపిండు. కారు చుట్టూ రోజు తీరు ఒక్క రౌండు గాదు, మూడు రౌండ్లు తిరిగిండు.

"మేక!" అన్నడు.

పక్కింటి కిష్టవ్వకు ఒక మేక ఉన్నది. అదొక్కసారి, పోయిన నెల, గోడ దుంకి వచ్చి బానెట్ మీద నిలబడ్డది. గల్లీ అంత చూసింది.

ఆ మాట విని కిష్టవ్వ ఉరికొచ్చింది. "అయ్యో వకీల్ సాబ్, నా మేక పొద్దుగాల నుంచి కట్టేసే ఉన్నది!"

"కట్టేసి ఉన్నదనేదానికి సాక్షి ఎవరు?"

కిష్టవ్వ ఆలోచన చేసింది. "మేకనే," అన్నది.

"మేక సాక్ష్యం చెల్లది. నోటీసు పంపుత."

కోర్టు నోటీసు అనంగనే కిష్టవ్వ మొహం తెల్లగైంది. "కాయిదం మా ఇంటికొస్తే ఇజ్జత్ పోతది సాబ్. దాన్ని అమ్మేస్త. మేకలు కొనేటాయన పొద్దుగూకేలోపట వస్తడు." కొంగుతోని కండ్లు తుడుచుకుంట పోయింది. ఆ మేక పాలతోనే ఆమె చంటి మనుమడు పెరుగుతుండు.

నర్మద తలుపు ఎనుక నిలబడి అంత విన్నది. గోర్ల సందుల ఇరికిన బూడిదను గీకుకున్నది.

బాపు లోపటికి పోయి నోటీసు రాసుడు మొదలువెట్టిండు. బస్టాండు కాడి అంబదాస్‌కు కబురంపిండు.

అంబదాస్ లారీలకు, జీపులకు రంగులేసేటాయన. సన్నగ ఉంటడు. చేతిల ఒక సంచి తప్ప ఏం లేదు. వచ్చుడు వచ్చుడే బానెట్ మీద అరచెయ్యి వెట్టి తీసిండు.

"దీని ఒళ్లు కాలుతుంది. ముందుగాల నీడకు తోయిండ్రి."

"టైం లేదు అంబదాస్. రేపు పూజ," అన్నడు బాపు కిటికీలకెల్లి.

"జరమున్నోనికి పూజ చేపిస్తరా సాబ్? చల్లగయ్యేదాంక చెయ్యి వెట్ట."

అందరు కలిసి కారును పందిరి కిందికి తోసిండ్రు. అంబదాస్ చాయ తాగిండు. చాయ అయినంక ఇంకో చాయ తాగిండు. అప్పుడు కారు పక్కపొంటి వంగి, ఒక కన్ను మూసి, రంగును ఏటవాలుగ చూసిండు. గీతల మీద బొటనవేలి గోరుతోని మెల్లగ రాసిండు.

"ఏం చేస్తున్నవు కాకా?" అన్నది నర్మద.

"గోరు గీతల ఆగితే లోతుగున్నట్టు. ఆగకపోతే పైపైన ఉన్నట్టు. ఏదీ, నువ్వు చూడు."

నర్మద చూసింది. గోరు జారిపోయింది. ఇంకోటి, ఇంకోటి. అన్నీ జారినయి. ఒక్క కాడ మాత్రం టక్కున ఆగింది.

"ఆ ఒక్కటి పోదు. మిగిలినయి పోతయి," అన్నడు అంబదాస్. తరువాత గొంతు తగ్గించి, "బిడ్డా, నాకొకటి తెల్వక అడుగుత. మేక గుండ్రంగ తొక్కుతదా?"

నర్మద చేతులు ఎనుకకు దాచుకున్నది. అంబదాస్ సంచిలకెల్లి సీసా తీసిండు.

అది సిర్కా, పచ్చళ్లల్ల పోసే పుల్లటి వెనిగర్. నీళ్లల్ల కలిపి, బట్ట ముంచిండు. ఎవ్వరు చూడని కింది మూలకు, అరచెయ్యంత జాగల ముందుగాల చేసి చూసిండు. రంగుకేం కాలే. అప్పుడు పైకొచ్చి, తెల్ల మచ్చ మీద బట్ట కప్పిండు. జరసేపాగి బట్ట తీస్తే మచ్చ లేదు. తోమలే, గీకలే. మంచి నీళ్లతోని తుడిచిండు, అంతే. నర్మద నోరు తెరుచుకొని చూసింది.

ఇగ గీతల వంతు. డబ్బలకెల్లి వేలి కొసకు ఇంత పాలిష్ తీసి, మెత్తటి పాత ధోవతి ముక్కకు రాసి, మెల్లగ రుద్దుడు షురూ చేసిండు. పసిపిల్లకు నూనె రాసినట్టుగ ఉన్నది ఆ చెయ్యి. బలంగ నొక్కుతలేదు. బట్ట మడత మారుస్తుండు, రుద్దుతుండు, తుడుస్తుండు. గీతలు సన్నగైనయి. కనపడీ కనపడకుంట అయినయి. ఆ జాగల పందిరి ఆకులు, ఆకుల సందుల ఆకాశం, అంబదాస్ మీసం అన్నీ అగుపడ్డయి.

"నేను గూడ చేస్త కాకా."

అంబదాస్ ఒక ముక్క ఇచ్చిండు. అది నర్మద చేతిలకెల్లి జారి మట్టిల పడ్డది. తీసి దులిపింది. అంబదాస్ దాన్ని గుంజుకొని సంచిల కుక్కిండు.

"కింద పడ్డ బట్ట కారుకు పనికిరాదు. ఒక్క ఇసుక రేణువున్నా ఇంకో వంద గీతలు." ఇంకో ముక్క ఇచ్చిండు.

నర్మద మెల్లగ రుద్దింది. "కాకా, గీతల రంగు నింపుతున్నమా?"

"లేదు బిడ్డా. గీత ఏడ ఉన్నదో ఆడనే ఉన్నది. దాని చుట్టున్న రంగును జర దించుతున్నం. చుట్టున్నదంత గీతకు సమానమైతే ఇగ గీత కనపడది." అంబదాస్ తన చేతిలున్న బట్ట తిప్పి చూపిచ్చిండు. నల్లగున్నది. "ఇదంత మీ కారు రంగే. తప్పు గీతది, అరిగేది మాత్రం చుట్టున్నది."

నర్మద ఆ నల్ల బట్టను చూసింది. గోడ అవతల కిష్టవ్వ మేకకు నీళ్లు పోసి కడుగుతుంది. బేరగాడు చూసినప్పుడు మంచిగ కనపడాలని కావచ్చు. కడుగుకుంట ఏదో గొణుగుతుంది.

అప్పుడే బాపు నోటీసు పట్టుకొని బయటికొచ్చిండు. గొంతు సవరించుకొని చదివిండు. "సదరు మేక, తన నాలుగు కాళ్లతోని, బుద్ధిపూర్వకంగ..."

"బాపూ, మేక కాదు."

"చదివేటప్పుడు మధ్యల మాట్లాడొద్దు."

"మేకకు చింతపండు ఏడ దొరుకుతది బాపూ? నేనే తోమిన. బూడిద వోసి, పీచుతోని."

అంబదాస్ తల ఎత్తలే. రుద్దుకుంటనే ఉన్నడు. బాపు బిడ్డను చూసిండు. నోటీసును చూసిండు.

"మూడుసార్లు రాసిన," అన్నడు పాపం.

"గా 'సదరు మేక' కొట్టేసి 'సదరు బిడ్డ' అని రాసుకోండ్రి," అన్నది అనసూర్య లోపటికెల్లి.

"ముందుగాలనే ఎందుకు చెప్పలే?" అన్నడు బాపు.

"భయమైంది."

"ఇప్పుడు భయమైతలేదా?"

"ఇప్పుడు ఇంకెక్కువైతుంది," అన్నది నర్మద.

బాపు నోటీసును నాలుగు మడతలు వెట్టి జేబుల వెట్టుకున్నడు. "పో. నాకు చెప్పినట్టే కిష్టవ్వకు గూడ చెప్పు. నేను గూడ వస్త. నేను చెప్పేదీ ఉన్నది."

నర్మద ఆగలే. అప్పటికే ఉరికింది. మేకలు కొనేటాయన వచ్చేసిండు. మేక నోరు తెరిచి పండ్లు చూస్తుండు.

"పెద్దవ్వా, మేకను అమ్మకు! కారును గీకింది నేను. మేక కాదు!"

కిష్టవ్వ తాడు గట్టిగ పట్టుకున్నది. "గా మాట అన్నం యాళ్లకు చెప్తే, నా మేక గిన్ని తిట్లు తినకపోవు గదనే!"

"దాన్ని తిట్టినవా?"

"ఇగ మీ బాపును తిట్టొస్తదా?"

ఎనుక నుంచి వస్తున్న బాపు ఆ మాట విని, గోడ కాడ ఒక్క నిమిషం ఆగి, అటెంక లోపటికొచ్చి చేతులు జోడించిండు.

తెల్లారి కారు కొండగట్టుకు పోయింది. అద్దమోలె మెరుస్తుంది. గుట్ట కింద కొబ్బరికాయలమ్మేటాయన దాని చుట్టూ తిరిగి, గోరు ఆగిన కాడ వంగి చూసిండు.

"ఇంత మంచి కారుకు గీ ఒక్క గీత ఎట్ల వడ్డది సాబ్?"

బాపు గొంతు సవరించుకుంటుండు. ఆయన సవరించుకునేలోపే నర్మద కిటికీలకెల్లి తల బయట వెట్టి చెప్పింది.

"నేనే గీకిన."