పీలికల గది

ఆ వీధి మలుపులో ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టు ఒకటుండేది. ముందు గదిలో కాలితో తొక్కే మిషను, దాని పక్కన పెద్ద కత్తెర. వెనక కిటికీ లేని చిన్న గది. కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ అందులో పడేసేవారు కాబట్టి దాన్ని పీలికల గది అనేవారు. మిషను నూనె వాసన, కొత్త గుడ్డ గంజి వాసన, వాటి అడుగున ఎప్పుడూ ఒక చెమ్మ వాసన.

కొట్టు నడిపే ఆమెని వీధివాళ్ళు గుండుసూది అనేవారు. మనిషీ సన్నమే, మాటా గుచ్చుకునేదే. అలా పుట్టిందేం కాదు. తల్లి పోయాక ఐదేళ్ళ పిల్లని పిన్ని తెచ్చుకుంది. కొట్టు అప్పుడు పిన్నిదే. తెచ్చుకుందన్న మాటే గానీ, పిల్ల తిందో లేదో, నీళ్ళు తాగిందో లేదో ఆవిడకి పట్టేది కాదు. ఏడిస్తే పీలికల గదిలోకి తోసి గడియ వేసేది. ఇంకా ఏడిస్తే మిషను గట్టిగా తొక్కేది. కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళు చేతులు చాచి నిలబడి ఆ ఏడుపు వినేవారు.

"పిల్ల మొండిదా?" అని అడిగేవారు.

"మొండా? జగమొండి" అనేది పిన్ని.

అంతటితో సరి. నడుం దగ్గర బిగుతు వద్దని చెప్పి వెళ్ళిపోయేవారు. ఇన్నేళ్ళలో ఒక్కరికైనా ఆ గడియ తీసి చూద్దామనిపించలేదు. చెడ్డవాళ్ళేం కారు వాళ్ళు. ఏమిటో, తలుచుకుంటే ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

కాలం తిరిగింది. పిన్నికి కాళ్ళు పడిపోయాయి. గుండుసూది ఆవిడ మంచం పీలికల గదిలో వేసింది. గడియ బయట. పిన్ని పిలిస్తే, మిషను తొక్కుతుంది.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మి ఇల్లంతా బూడిద రంగయింది. బడిలో చెప్పే పంతులమ్మ గొడుగు గడప బయట ఆనించి, రవికకి కొలతలివ్వడానికి లోపలికొచ్చింది.

"నీళ్ళివ్వవే... గుక్కెడు నీళ్ళు..." వెనక గదిలోంచి.

"ఎవరో పిలుస్తున్నట్టుందే?" అంది పంతులమ్మ.

"మా పిన్నిలెండి. ఇప్పుడే చెంబెడు తాగింది. తాగిన సంగతి గుర్తుండి చావదు."

"పాపం, ఎంత చాకిరీ నీకు. చంక దగ్గర కాస్త వదులుంచు తల్లీ. కిందటిసారి బోర్డు మీద రాయబోతే చెయ్యి లేవలేదు, పిల్లలు ఒకటే నవ్వు."

ఆమె వెళ్ళిపోయింది, గొడుగు మరిచిపోయి.

గుండుసూది నీళ్ళ చెంబు వైపు చూసింది. నిన్న పొద్దుటినుంచీ లోపలికి చుక్క ఇవ్వలేదు. ఈ పూట కూడా ఇవ్వకపోతే ఏమవుతుందో తనకి తెలుసు. చెయ్యి చెంబు దాకా వెళ్ళింది. వెనక్కి వచ్చింది. మిషను మీద కాలు పెట్టింది.

"పిన్నీ... తలుపు తియ్యవా?"

చిన్న గొంతు. చాలా చిన్నది... తలుపు కింది సందులోంచి.

"వేషాలెయ్యకు పిన్నీ" అంది గుండుసూది.

"నేను కాదే..." పిన్ని గొంతు గుసగుసలాడింది. "ఇక్కడెవరో పిల్ల ఉందే. పీలికల్లోంచి లేచింది... నా పక్కనే కూర్చుంది. దీన్ని బయటికి పిలువే... నీకు దణ్ణం పెడతాను."

"ఎలా ఉంది?"



"నీలాగే ఉందే..."

భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఎన్నాళ్ళకో ఆకలి తీరినట్టు కడుపులో వెచ్చగా అయింది.

"ఉండనీ" అంది గుండుసూది. అని మిషను తొక్కింది. దారం అయిపోయినా తొక్కింది. కాళ్ళు పీకేదాకా తొక్కి, ఆపింది.



గడియ తీసింది. పిన్ని చనిపోయి ఉంది. కళ్ళు పక్కకి తిరిగి ఉన్నాయి. మంచం అంచున దుప్పటి కొంచెం నలిగి ఉంది, అంతే. గుండుసూది దగ్గరికెళ్ళి, ఆ మొహాన్ని తనివితీరా చూసింది.

"పిన్నీ."

వెనక... గుమ్మంలోంచి.

తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"నేను పిన్నిని కాను" అంది గుండుసూది. "నేను... నేనే నువ్వు."

"మరి నీళ్ళెందుకివ్వలేదు?"

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. ఆపైన మిషను మొదలైంది... మెల్లగా, అందని కాళ్ళతో తొక్కుతున్నట్టు. గుండుసూది తలుపు బాదింది. మిషను జోరందుకుంది. అరిచింది. ఇంకా జోరందుకుంది.

సాయంత్రం పంతులమ్మ గొడుగు కోసం వచ్చింది. ఓరగా వేసిన వీధి తలుపు ముందు నిలబడి, బాదుడూ అరుపులూ, వాటి మీదుగా మిషనూ వింది.

"ముసలావిడకి ఇవాళ మరీ ఎక్కువైనట్టుంది" అనుకుని, గొడుగు దులుపుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టులో అలికిడి లేదని వీధివాళ్ళొచ్చి పీలికల గది గడియ తీశారు. గుండుసూది బతికే ఉంది. ఓ మూల, పీలికల్లో, మాటా పలుకూ లేకుండా. ఒళ్ళంతా తెల్లటి గీతలు. భుజాల మీద, మోచేతుల పైన, మోకాళ్ళ దగ్గర, మెడ చుట్టూ. కొలిచి, శ్రద్ధగా, సుద్దతో గీసినవి.

ముందుగా పంతులమ్మకే అర్థమైంది. అవి గుడ్డ మీద కోయాల్సిన చోట వేసే గీతలు. వాటి వెంబడి కోసుకుంటూ పోతే, మిగిలేది ఐదేళ్ళ పిల్లంత.

గీతలు ఎంత తుడిచినా పోలేదు. ఎవరు గీశారోనని కొట్టంతా తిరగేశారు, పీలికలన్నీ దులిపారు. కత్తెర మాత్రం ఎక్కడా కనబడలేదు.