ముప్ఫై అయిదో జత

త్రాంకి మొట్టమొదట గుండె గుబేలుమన్నది బస్సు కండక్టరు న్యాన్ పిన్ని చెప్పుల బుట్ట మీద చెయ్యేసి, "ముప్ఫై నాలుగు. సరిపోయింది, పోనీ" అన్న క్షణంలో. సాయంత్రం అయిదూ నలభై అయింది. వాన వెలిసింది గానీ, కనుమ దారిలో పొగమంచు కిటికీ అద్దాలకి తడిబట్టలా అంటుకుని ఉంది.

లెక్క సరిపోతే భయం దేనికి? అదే త్రాంకీ అర్థం కాలేదు. అద్దాన్ని అరచేత్తో తుడిచి బయటికి చూసింది. రోడ్డవతల గట్టు దిగువన పసుపురంగు రెయిన్‌కోటు ఒకటి కదిలినట్టనిపించింది. స్నేహితురాలు యెన్‌ది పసుపు రెయిన్‌కోటే.

పిన్నీ ఆగు అందామని నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది. పది రోజులుగా ఈ నోటి వల్లే నవ్వులపాలవుతోంది మరి.

త్రాం, యెన్, ఖాంగ్ ముగ్గురూ కాన్ థో కాలేజీలో ఒకే క్లాసు. పట్టాలు చేతికొచ్చాయి, ఉద్యోగాలు రాలేదు. వచ్చేలోగా ఊళ్ళు తిరిగొద్దామని వీపుకి సంచులు తగిలించుకుని బయల్దేరారు. దలాత్ అయింది, ప్లేకూ అయింది, కోన్ తుమ్ అయింది. ఇక హోయి ఆన్ ఒక్కటే మిగిలింది. వాళ్ళు తిరిగిన ఊళ్ళ కన్నా బస్సుల్లో నడుం విరగ్గొట్టుకున్న గంటలే ఎక్కువ. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ త్రాం లెక్క చూసేది. ఖాంగ్ ఏడీ, యెన్ ఎక్కిందా, సంచులు మూడూ ఉన్నాయా అని. యెన్ ఆమెకి కోళ్ళమ్మ అని పేరు పెట్టేసింది. ఆ పొద్దునే పందెం కూడా వేసుకున్నారు. ఇంకొక్కసారి లెక్క చూస్తే హోయి ఆన్‌లో తిండంతా త్రామే పెట్టించాలి.

అందుకే నోరు మూసుకుంది. పైగా బస్సులో లెక్కపెట్టడానికి పిన్ని ఉందిగా.

స్లీపర్ బస్సు ఎక్కేటప్పుడు ఎవరి బూట్లు వాళ్ళు విప్పి కవర్లో వేసుకుని పడక దగ్గర పెట్టుకోవాలి. దారిలో దిగాలంటే గుమ్మం దగ్గర బుట్ట నిండా ఎర్ర ప్లాస్టిక్ చెప్పులుంటాయి. ఏదో ఒక జత తొడుక్కుని దిగడం, వచ్చి మళ్ళీ బుట్టలో పడెయ్యడం. ముప్ఫై నాలుగు పడకలు, ముప్ఫై నాలుగు జతలు. తెరలు లాగి నిద్రపోయేవాళ్ళ మొహాలు చూస్తే తిడతారని న్యాన్ పిన్ని మనుషుల్ని లెక్కపెట్టదు. చెప్పులు లెక్కపెడుతుంది. బుట్ట నిండితే బస్సు నిండినట్టే. స్టీరింగు దగ్గర ఆవిడ మొగుడు. ఆవిడ పోనీ అనందే ఆయన కాలు కదపడు.

మధ్యాహ్నం మూడింటికి, దారిలో ముందెక్కడో కొండచరియ విరిగిపడిందని బస్సు ఆపేశారు. కదిలేసరికి రెండు గంటల నలభై నిమిషాలు. అందరూ దిగారు. మగాళ్ళు ఎగువకి, ఆడవాళ్ళు దిగువకి పోయారు. ఏడో నెల, దిక్కులేని ఆత్మలు రోడ్ల మీద తిరిగే నెల అని, పిన్ని గుమ్మం దగ్గర నిలబడి బియ్యం, ఉప్పు కలిపి రోడ్డు మీదికి విసిరింది. యెన్ అది చూసి, కోళ్ళమ్మా నీకే గింజలు అని నవ్వుకుంటూ గట్టు దిగింది. త్రాం యెన్‌ని చూడ్డం అదే ఆఖరు.

బస్సు కదిలింది. త్రాంది కింది పడక. నెత్తి మీద యెన్ పడక, పదిహేడో నంబరు. నిమిషం గడిచిందో లేదో, పైన రేకు కిర్రుమంది. ఎవరో ఒత్తిగిలినట్టు పరుపు కిందికి దిగింది.

హమ్మయ్య అనుకుంది త్రాం. ఎక్కేసిందన్నమాట. తనకే కళ్ళు చెదిరాయి.

పక్క పడకలోంచి ఖాంగ్ మెడ సాచాడు. మోకాళ్ళ దాకా బురద కొట్టుకునుంది. మొహం నిండా నవ్వు.

"ఏయ్, ఇందాక ఏమైందో తెలుసా? బురదలో నా చెప్పు ఒకటి కూరుకుపోయింది. ఎంత వెతికినా లేదు. అక్కడో బుల్లి గూడు ఉంది చూడు, రోడ్డు మీద చచ్చిపోయినవాళ్ళకి కడతారే, అలాంటిది. దాని ముందు అచ్చం ఇలాంటి ఎర్రజతే పెట్టుంది. తొడుక్కుని వచ్చేశా. తీరా వస్తుంటే నా చెప్పు కాలికి తగిలింది. అదీ తెచ్చా. రెండు జతలూ బుట్టలో పడేశాలే. పిన్నికి ఒకటి లాభం."

త్రాం నవ్వలేదు. మనసులో లెక్క కట్టింది.

బుట్టలో ఒక జత ఎక్కువుంది. అయినా లెక్క ముప్ఫై నాలుగే. అంటే ఒక జత ఇంకా బయటే ఉంది. దాన్ని తొడుక్కున్న మనిషీ బయటే ఉంది.

మరి పైన...

అప్పుడే సిగ్నల్ తగిలిందేమో, ఫోన్ వణికింది. యెన్ నుంచి మెసేజ్. *వదిలేసి పోయారేంటే? చీకటి పడుతోంది. ఇక్కడ బుల్లి గూడు ఉంది, దాని పక్కనే కూర్చున్నా. తొందరగా రండి.*

నెత్తి మీద రేకు మళ్ళీ కిర్రుమంది.

ఏదో చుక్క త్రాం ముంజేతి మీద పడింది. రెయిన్‌కోటు నీళ్ళు కాదు. వెచ్చగా ఉంది. జిగురుగా ఉంది. కాలిన టైరు వాసన, దానితో పాటు మాంసం కొట్టు వాసన. ఇంకో చుక్క. ఇంకోటి. త్రాం తల పైకెత్తింది. పై పడక తెర కింద నుంచి ఒక పాదం మెల్లగా బయటికొచ్చి వేలాడింది. మగాడి పాదం. అప్పడంలా చదునుగా ఉంది. వేళ్ళన్నీ ఒక పక్కకి నలిగిపోయాయి. మడమ నుంచి వేళ్ళ దాకా టైరు గీతలు అచ్చుపడి ఉన్నాయి.

ఆ పాదం గాల్లో తడుముకుంటోంది... చెప్పు కోసం.

త్రాం నాలుగు కాళ్ళ మీద పాకుతూ బస్సు ముందుకి పోయింది. పిన్ని కాళ్ళ దగ్గరి బుట్ట లాగి బోర్లించింది. చెప్పులన్నీ దొర్లాయి. ఒక జత రంగు వెలిసిపోయి, అగరొత్తి బూడిదతో ఉంది. దాని మీద తెల్లరంగుతో పదిహేడు అని రాసుంది.

ఆ అంకె చూసి న్యాన్ పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నేను రాసిందే" అంది. "ఇది నేను పెట్టిందే అక్కడ."

అప్పుడు గుసగుసగా, మొగుడికి కూడా వినపడకుండా చెప్పింది. రెండేళ్ళ కిందట, ఇదే కనుమలో ఇలాగే ఆగారట. ఎక్కే తొందరలో పదిహేడో పడకతని చెప్పు జారి బస్సు కిందికి పోయింది. అతను వంగి చెయ్యి పెట్టాడు. లెక్క ముప్ఫై మూడే వచ్చింది. ఆలస్యమవుతోందని, జనం అరుస్తున్నారని, సరిపోయింది పోనీ అనేసింది. చక్రం కింద ముందు కాళ్ళు పోయాయి, తర్వాత మిగతాది పోయింది. అరగంట బతికే ఉన్నాడట. ఆ అరగంటా చెప్పులు అడుగుతూనే ఉన్నాడట. అప్పట్నుంచి లెక్క తప్పితే బస్సు కదలనివ్వలేదు ఆవిడ. ఇవాళా తప్పలేదు.

యెన్ మెసేజ్ చూపించి, గూటి ముందు జత ఖాంగ్ తెచ్చాడని త్రాం చెప్పగానే పిన్ని బస్సు వెనక్కి తిప్పమంది. డ్రైవరు ఆ ఇరుకు మలుపులోనే తిప్పాడు. జనం లేచి గోల చేశారు. సంగతి తెలిశాక ఎవడో ఖాంగ్ జుట్టు పట్టి లాగి ఇనపకడ్డీకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. డ్రైవరు వెనక్కి చూడకుండానే, వాణ్ణి చంపకండి, వాడితో పనుంది అన్నాడు. పదిహేడో పడక వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఆ తెర వెనక ఎవరో పళ్ళు నూరుతున్నారు. అది అందరికీ వినపడుతోంది.

గూడు దగ్గర బస్సు ఆగింది. లైట్ల వెలుగు నాలుగడుగులు పోయి మంచులో ఆరిపోతోంది. యెన్ ఎక్కడా లేదు.

"ఎవడు తెచ్చాడో వాడే తొడుక్కుని పోయి, అక్కడే విప్పి రావాలి" అంది పిన్ని. "అతను దిగితేనే ఆ పిల్ల ఎక్కుతుంది."

ఖాంగ్ గుమ్మం కడ్డీని రెండు చేతులా కరుచుకున్నాడు. నుదుటి నెత్తురు కంట్లోకి కారుతోంది. "నేను పోను. త్రాం, నువ్వు చెప్పు వీళ్ళకి. తెలియక తెచ్చానే."

త్రాం అతని మొహం చూడలేదు. యెన్ బయట ఒంటరిగా ఉంది. నోరు మూసుకుని వదిలేసింది తనే. అదొక్కటే ఉంది బుర్రలో. వంగి అతని కాళ్ళకి ఆ చెప్పులు తొడిగింది. తర్వాత కడ్డీ మీద వేళ్ళని మడమతో తొక్కింది. ఒకసారి. రెండోసారి. మూడోసారికి వేలు పటుక్కుమంది. ఖాంగ్ అరుస్తూ చెయ్యి వదిలాడు. గుండె మీద రెండు చేతులూ పెట్టి తోసేసింది. రోడ్డు మీద వెల్లకిలా పడ్డాడు.

లేచాడు. తూలుకుంటూ గూడు దాకా పోయాడు. వంగాడు.

"రావట్లేదు" అన్నాడు. "ఊడి రావట్లేదే..."

కాలు విదిలించాడు. మళ్ళీ విదిలించాడు. ఒక చెప్పు ఊడింది. ఊడి, తడి రోడ్డు మీద మెల్లగా జారింది. అక్కణ్ణుంచి బస్సు వైపు రోడ్డు ఎగువకి ఉంది. చెప్పు ఎగువకే జారింది. బస్సు ముందు చక్రం కిందికి పోయి ఆగింది.

వద్దురా అంది త్రాం. అతను తల తిప్పలేదు.

ఖాంగ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చక్రం కిందికి చెయ్యి పెట్టాడు. చెయ్యి అందక, తల కూడా పెట్టాడు.

బ్రేకు మీద రెండు కాళ్ళూ ఉన్నాయని డ్రైవరు తర్వాత పోలీసుల ముందు ఏడ్చాడు. చేతి బ్రేకు వేసే ఉంది. అది త్రాం కూడా చూసింది. అయినా బస్సు కదిలింది. ఒక్క జానెడు. అంతే. పచ్చి చెరుకు విరిచినట్టు చప్పుడైంది. గుమ్మం మెట్టు మీద ఉన్న త్రాం పాదాల మీద వెచ్చగా చిమ్మింది.

బస్సులో వెనక ఎక్కడో పడక రేకు కిర్రుమంది. బరువు దిగినట్టు.

అప్పుడు మంచులోంచి పసుపు రెయిన్‌కోటు వచ్చింది. యెన్. కాళ్ళకి చెప్పుల్లేవు. చక్రం వైపు చూడనే లేదు. త్రాంని ఆనుకుని మెట్టెక్కింది. ఫోన్ ఏదంటే లోయలో పడిపోయింది అంది. ఆ రోడ్డు మీద నడిచిన ప్రతివాడి కాళ్ళూ మోకాళ్ళ దాకా బురదే. యెన్ పాదాలు మాత్రం ఇప్పుడే కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. ఆ సంగతి త్రాంకి ఆసుపత్రిలో, ఖాంగ్ మీద గుడ్డ కప్పుతున్నప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఏడుపులో కొట్టుకుపోయింది.

కనుమ దిగువ ఊళ్ళో పోలీసులే ఒక లాడ్జి గది చూపించారు. ఖాంగ్ వాళ్ళమ్మా నాన్నా కాన్ థోలో బస్సెక్కారు. ఎప్పటికొస్తారో తెలీదు. యెన్ గుమ్మం దగ్గరి మంచం మీద పడుకుని, గోడ వైపు తిరిగింది. త్రాం కిటికీ పక్క మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుంది.

రాత్రి రెండూ పదికి ఫోన్ వణికింది.

యెన్ నంబరు. వాయిస్ మెసేజ్. త్రాం చెవికి గట్టిగా అదిమిపెట్టుకుని వింది. గాలి హోరు. పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు. ఆ తర్వాత యెన్ గొంతు, అణిచిపెట్టి, ఎవరికీ వినపడకూడదన్నట్టు.

"కోళ్ళమ్మా... బస్సు వెనక్కొచ్చింది, చూశాను. గూడు పక్కనే చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. నా వైపే చూశావు కదే. నా వైపే చూసి... నా పక్కన నిలబడ్డవాణ్ణి ఎక్కించుకుపోయావేంటి? ఫోన్‌లో మూడు శాతమే ఉంది."

త్రాం ఆ మాటలు మూడుసార్లు వింది. తిరిగి ఫోన్ చేస్తే స్విచాఫ్. పోలీసు స్టేషనుకి చేస్తే, మీ స్నేహితురాలు మీ గదిలోనే ఉందమ్మా, మేమే దింపాం, పడుకో అని పెట్టేశారు. ఇక ఎవర్నడగాలో తోచలేదు. పది రోజులుగా ముగ్గురి ఫొటోలూ పెడుతూ వచ్చిన ప్రయాణాల గ్రూపు తెరిచింది. నాలుగు వేలమంది ఉన్నారు అందులో. వెలుతురు బయటికి పోకుండా ఫోన్‌ని దుప్పట్లోకి లాక్కుని, జరిగిందంతా టైపు చేసింది. చివర ఇలా రాసింది.

"కనుమ ఇక్కడికి పద్నాలుగు కిలోమీటర్లు. లాడ్జి కింద బైకులున్నాయి. కానీ తలుపు దగ్గరికి పోవాలంటే ఆ మంచం దాటాలి. ఇదంతా రాయడం మొదలుపెట్టినప్పుడు తను గోడ వైపు తిరిగి ఉంది. ఇప్పుడు నా వైపు తిరిగి ఉంది. కళ్ళు మూసే ఉన్నాయి. మంచాల మధ్య నేల మీద ఎర్ర చెప్పుల జత ఉంది, తడిగా. ఇందాక లేదు. వాటి ముందు భాగం నా మంచం వైపు ఉంది. మెలకువగా ఉన్నవాళ్ళు ఎవరైనా చెప్పండి. నేనిప్పుడు ఏం చెయ్యాలి?"