పట్టు కొలిచిన కాగితం

"సంతకం నాదే మేడమ్. అంకెలు మాత్రం నావి కావు."

అంది ఆ ఫిజియోథెరపిస్టు. కుర్చీ అంచున కూర్చుని కాగితం బల్ల మీద పెట్టింది.

డిటెక్టివ్‌ని చాటుగా అందరూ సూది అంటారు, ఎదురుగా మేడమ్. ఆవిడ కాగితం చూసి అసిస్టెంటు వైపు జరిపింది. ఆవిడ చూసినచోటే చూస్తున్నా ఆవిడకు కనిపించేది తనకెందుకు కనిపించదా అని అతనికి రెండేళ్లుగా బెంగ.

ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ నడిపే కట్టర్‌కి ఆ మధ్య కుడి చెయ్యి నలిగింది. ఆర్నెల్లు ఈ అమ్మాయే చూసింది. తర్వాత 'పనికి వెళ్లవచ్చు' అన్న కాగితంతో అతను మిషన్ ఎక్కాడు. మూడో రోజున కాగితాల కట్ట జారింది. ఆపబోయిన చేతిలో పట్టు చాల్లేదు. బ్లేడు కింద నాలుగు వేళ్లూ పోయాయి.

"వెళ్లకూడదనే రాశాను మేడమ్. గుండీలు పెట్టుకోవడం, ఎడమ చేత్తో రాయడం దాకా అన్నీ నేర్పినదాన్ని, చెయ్యి ఎంతవరకు వచ్చిందో నాకు తెలీదా? రెండు నెలలుగా విచారణ. శుక్రవారం నా లైసెన్సు తీసేస్తారు. మా వంశంలో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే."

"పట్టు ఎలా కొలుస్తావు?"

ఆమె సంచిలోంచి పిడీ, కిలోలు చూపే ముల్లూ ఉన్న పరికరం తీసింది. పిడిని అయిదు చోట్లకి జరపొచ్చు. అసిస్టెంటు అయిదుసార్లూ పిసికాడు. ఇరవై రెండు, ముప్పై నాలుగు, నలభై ఒకటి, ముప్పై ఆరు, ఇరవై ఏడు.

"ఎవరికైనా మధ్యలోనే ఎక్కువ. ఎంత నీరసపు చెయ్యైనా అంతే," అంది ఆమె.

"పర్లేదోయ్, టీ గ్లాసు మోస్తావు," అంది డిటెక్టివ్. కాగితం మీద ముప్పై, ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై, ముప్పై అని ఉంది. ప్రతి అంకె సిరా కుడి పక్కకి అలుక్కుపోయింది. "కవరు ఎవరు తీసుకెళ్లారు?"

"పేషెంటు భార్య. ఫోర్‌మన్ చేతికిచ్చింది. కవరు మేం అంటించం."

"ఖాళీ ఫారాలు?"

ఆమె తల దించుకుంది. "నా బల్ల మీదే. రద్దీ ఎక్కువని పొద్దున్నే పది ఫారాలకి సంతకాలు పెట్టేసుకుంటాను."

"అంటే దొంగకి తాళంచెవి నువ్వే ఇచ్చావు."

గురువారం ఆస్పత్రి వ్యాయామాల గదిలో అందరూ కూడారు. గుమ్మం దగ్గర అసిస్టెంటు ఒక్కొక్కరి చేతా రిజిస్టర్లో సంతకం పెట్టించాడు. కట్టర్ కుడి చెయ్యి తువ్వాలులో చుట్టుకుని మూల కూర్చున్నాడు.

"బాగైందని రాసి నా మొగుడి వేళ్లు తీసింది ఈవిడే," అంది అతని భార్య.

"కాగితం చూసే ఎక్కించాను. ఆ చదువు నాకేం తెలుసు?" అన్నాడు ఫోర్‌మన్.

"సంతకం ఆమెదే. ఇంకేం తేలాలి?" అన్నాడు విచారణ జరుపుతున్న సీనియర్ థెరపిస్టు.

"మీరు రాయలేదని తేలింది," అంది డిటెక్టివ్. "పట్టు కొలిచేవాళ్లెవరూ అయిదు అంకెలూ దాదాపు ఒకేలా రాయరు. అబద్ధం రాసినా మధ్యలో బాగా పెంచుతారు. రెండోది, సిరా కుడికి అలికింది. ఎడమ చేత్తో రాస్తే అరచెయ్యి తడి అంకెల మీదుగా పోతుంది. మీ ముగ్గురూ ఇందాక కుడిచేత్తో సంతకం చేశారు."

నాలుగో సంతకం గురించి ఆవిడ చెప్పలేదు. అలమరలోంచి ఒక కాపీ పుస్తకం తీసి తెరిచింది. కట్టర్ ఎడమ చేతి అభ్యాసం. పేజీ నిండా అలుక్కుపోయిన అంకెలు. సున్నాకి నెత్తిన చిన్న తోక. కాగితం మీదా అదే తోక.

కట్టర్ భార్య మొగుడి వైపు తిరిగింది. "నా చేత మోయించింది నువ్వు రాసుకున్న కాగితమా?"

"ఫోర్‌మన్ వచ్చినప్పుడల్లా అడిగేవాడు, ఏం అల్లుడూ, అత్తారింటి భోగాలు ఇంకా తీరలేదా అని." కట్టర్ నేల చూస్తూ చెప్పాడు. "ఇంకో నెల ఆగితే నా మిషన్ వేరేవాడికి పోయేది. ముప్పై వస్తే పనికి పంపొచ్చని గోడ మీద చార్టులో ఉంది. సంతకం చేసిన ఫారం ఒకటి తీశాను. కవరులో అది పెట్టి అసలుది చింపేశాను."

"నా మీదికి ఎందుకు తోశావన్నా?" అంది థెరపిస్టు.

"నేను తొయ్యలేదమ్మా. నోరు మూసుకున్నాను, అంతే."

ఫోర్‌మన్ గోడ మీద చార్టు చదువుతున్నట్టు నిలబడ్డాడు. లైసెన్సు జోలికి ఎవరూ రారని, ఖాళీ ఫారాల సంగతి మాత్రం రాతలోకి ఎక్కుతుందని సీనియర్ చెప్పాడు. ఆమె తలూపింది. స్టూలు లాక్కుని కట్టర్ ఎదురుగా కూర్చుంది.

"కుట్లు మానాయిగా? చెయ్యి ఇలా పెట్టు. మళ్లీ మొదలుపెట్టాలంటే కొలవాలి."

అతను తువ్వాలు విప్పాడు. ఆమె పిడిని అయిదు చోట్లకీ జరిపింది. అసిస్టెంటు ముల్లు కదులుతుందేమోనని మెడ చాచి చూశాడు. కదల్లేదు. ఆమె అయిదు సున్నాలు రాసింది. ఈసారి అంకెలు ఒకేలా ఉన్నా అబద్ధం కాదు.

సిరా ఆరేదాకా ఆగి, అప్పుడు సంతకం చేసింది.